బానెట్ తెరిచానా, మూశానా

నేను చివరిగా పనిచేసిన షెడ్డులో కారు ఇంజను బలం కొలిచిన ప్రతిసారీ ఒక కాగితం నింపాలి. బండి రకం, గేరు, టైర్లలో గాలి, షెడ్డులో వేడి ఎంత, ఇలా వరుసగా గడులు ఉంటాయి. అన్నిటికన్నా కింద, సంతకానికి పైన, ఒక చిన్న గడి: "బానెట్: తెరిచి / మూసి". ఇప్పటికీ అదే కాగితం వాడుతున్నారని ఈమధ్య ఒకతను చెప్పాడు. కొత్తగా చేరినవాళ్ళు ఆ గడి చూసి, ఎవరో చాదస్తుడు పెట్టి ఉంటాడని నవ్వుకుంటారట. ఆ చాదస్తుణ్ణి నేనే. ఆ గడి ఎలా వచ్చిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి నేనే చెబుతాను.

ముందు నా సంగతి కొంచెం తెలియాలి. మాది చింతామణి అవతల, ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటి తగవులూ తీర్చిన కుటుంబం. మా తాతకు మూడు మోటారు కార్లు ఉండేవి. నా వరకు వచ్చేసరికి వాటిలో ఒకదాన్ని తిప్పి స్టార్టు చేసే ఇనుప హ్యాండిల్ మిగిలింది. మిగతాది ఎలా పోయిందంటే, మా నాన్న ఒక స్నేహితుడి అప్పుకు హామీగా ఒక పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ స్నేహితుడు మాట తప్పాడు. ఆ సంతకం నాది కాదని ఒక్క ముక్క అంటే బయటపడతావని వకీలు చెప్పాడు. మా నాన్న అనలేదు. మా ఇంట్లో దాన్ని ఎవరూ నష్టమని చెప్పుకోగా నేను వినలేదు. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోకూడదనే ఒక్క సూత్రాన్ని మాత్రం ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నాం.

నేను డిప్లొమా చదివి, తొంభైలలో ఒక కర్మాగారంలో ఇంజన్ల పరీక్ష విభాగంలో పనిచేశాను. అది మూతపడ్డాక, రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో, కాడుగోడి స్టేషను వెనక ఒక షెడ్డులో చేరాను. యజమాని ఒకప్పుడు ర్యాలీ పందేల్లో కార్లు నడిపినవాడు, నాకన్నా పదేళ్ళు చిన్న. అతను విదేశం నుంచి ఒక రోలర్ల యంత్రం తెప్పించాడు. కారును దాని మీదికి ఎక్కించి, బెల్టులతో నేలకు కట్టేసి, యాక్సిలరేటర్ అదిమితే చక్రాలు రోలర్లను తిప్పుతాయి. పక్కనున్న కంప్యూటరు రెండు గీతలు గీస్తుంది. ఒకటి టార్క్, ఒకటి పవర్. బస్తా ఎత్తుకుని మెట్లెక్కే మనిషిని ఊహించుకోండి. ఎంత బరువు మోయగలడన్నది టార్క్. ఆ బరువుతో ఎంత వేగంగా పైకి చేరాడన్నది పవర్. ఆ యంత్రానికి నేను అధికారిని. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వెళ్ళేవాణ్ణి, ఎవరైనా నన్ను మెకానిక్ అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. అందుకని నా వెనక అందరూ నన్ను "దొర" అనేవారు. ఒక్క మనిషి మాత్రం మొహం మీదే అనేవాడు.

ఆయన సైలెన్సర్ మేస్త్రి. వర్తూరు మనిషి. అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు లారీలకు సైలెన్సర్లు చేసి, చివరికి ఈ షెడ్డులో ఒక మూల బల్ల వేసుకున్నాడు. గొట్టం వంచాలంటే అందులో ఇసుక కూరి, రెండు చివరలా చెక్కమూతలు బిగించి, ఎర్రగా కాల్చి వంచేవాడు. ఇసుక ఉండడం వల్ల వంపులో గొట్టం నొక్కుకుపోదు. చూడ్డానికి మోటు పని, కాని ఆయన వంచిన గొట్టంలోకి దీపం పట్టి చూస్తే వంపంతా ఒకే గుండ్రంగా ఉండేది. ఇది నేను అప్పట్లో పైకి ఒప్పుకోలేదు.

అప్పటికి మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ చేతికి మంచి కార్లు వచ్చాయి. కారు కొన్న మూడో నెలలో కంపెనీ సైలెన్సర్ తీసేసి పెద్ద గొట్టం వేయించుకోవడం ఒక వేడుకగా ఉండేది. శబ్దం పెరిగేది. శబ్దంతోపాటు బలం కూడా పెరిగిందని నమ్మేవారు. అలాంటి కార్లను రోలర్ల మీద ఎక్కించి చూస్తే చాలా వాటిలో కింది వేగాల్లో లాగే బలం తగ్గి ఉండేది. కర్మాగారంలో నేను నేర్చుకున్నదీ అదే. పొగ మీద కాస్త ఒత్తిడి ఉండాలి, గొట్టం సన్నగా ఉండాలి, లేకపోతే ఇంజను కింది బలం పోతుంది. ఇది నాకు వేదం.

ఒకరోజు మారతహళ్ళిలో ఉండే కర్నూలు కుర్రాడు ఒకడు టర్బో పెట్రోలు కారు తెచ్చాడు. ఆ రోజుల్లో అలాంటివి ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టాలి. బానెట్ మధ్యలో గాలి పీల్చుకునే వెడల్పాటి నోరు, దాని కింద ఇంజను మీద పరుపులా పరిచిన అల్యూమినియం పెట్టె. టర్బో అంటే ఇంజను నుంచి బయటికొచ్చే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో బయటి గాలిని ఇంజనులోకి బలవంతంగా తోయడం. తోసిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గించేది ఈ పెట్టె.

మూడంగుళాల గొట్టం టర్బో మూతి నుంచి వెనకదాకా కావాలన్నాడు కుర్రాడు. మేస్త్రి సరేనన్నాడు. నేను కాదన్నాను.

"అంత వెడల్పు పెడితే కింద ఏమీ ఉండదు," అన్నాను.

"అది మామూలు బండికి, దొరా. దీంట్లో చక్రం ఉండాది కదా," అన్నాడు మేస్త్రి.

"ఏ బండికైనా ఇంజను ఇంజనే."

ఆయన వాదించలేదు. బల్ల కింద నుంచి జానెడు గొట్టం ముక్క తీశాడు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి, జాతరలో అమ్మే గాలిచక్రంలాంటిది చేసి, తీగ గుచ్చి గొట్టం మధ్యలో నిలబెట్టాడు. ఒక చివర నోరు పెట్టి ఊదాడు. చక్రం గిర్రున తిరిగింది. అలా ఊదుతూనే రెండో చివర అరచేత్తో సగం మూశాడు. చక్రం నెమ్మదించింది. పూర్తిగా మూశాడు. ఆగిపోయింది.

"ముందర తోపు ఉండల్ల, ఎనక కాళీ ఉండల్ల. అప్పుడే తిరుగుతాది. ఎనక ఇరుకు పెడితే ఎట్ల తిరగల్లప్పా?"

కుర్రాడు చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది. పాలడబ్బా రేకుతో శాస్త్రం చెబుతున్నాడని. నిజం చెప్పాలంటే ఆ రేకు చక్రం ఆ తరవాత చాలా రోజులు నా కళ్ళముందు తిరిగింది.

యజమానికి మరో ఆలోచన ఉంది. బయట తయారైన గొట్టాలు పెట్టెల్లో వస్తున్నాయి, మెరుస్తూ, పేరు చెక్కి. మేస్త్రి బల్ల తీసేసి అక్కడ వాటిని పేర్చి అమ్మాలని అతనికి ఉంది. "ఈ కారుతో తేలిపోతుంది. మేస్త్రి గొట్టం బాగుందని యంత్రం చెబితే ఉంచుదాం, లేదంటే ఇక చాలు," అన్నాడు నాతో. మేస్త్రికి కూడా ఆ మాట చెప్పాడు. ఆ వయసులో ఆయనకు ఇంకో షెడ్డు దొరకదని ముగ్గురికీ తెలుసు. ఆయనకు వర్తూరులో ఉన్నది ఒక గది, మంచాన పడ్డ భార్య.

పరీక్ష రోజు పొద్దున కాడుగోడి గేటు పడింది. ముందు ఒక గూడ్సు, దాని వెనక ఇంకో రైలు. నేను షెడ్డు చేరేసరికి పాత సైలెన్సర్‌తో కొలత అయిపోయింది. యజమానికి వేరే పని ఉండి తనే నడిపేశాడు. కాగితం నా బల్ల మీద పెట్టి, సంతకం గడి ఖాళీగా వదిలాడు. ఆ గడిలో నా సంతకమే ఉండాలి, ఎప్పుడూ ఉండేది. నేను చూడని పరీక్షకు సంతకం ఎలా పెట్టనని అడగవచ్చు. అడిగితే ఆలస్యంగా వచ్చానని ఒప్పుకోవాలి. నా ఉద్యోగం మొత్తంలో నేను ఆలస్యంగా వచ్చింది ఆ ఒక్కరోజు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికి మేస్త్రి కొత్త గొట్టం బిగించాడు. మళ్ళీ కారు ఎక్కించాం. ఈసారి నేనే. నా పద్ధతులన్నీ పాటించాను. బెల్టులు రెండుసార్లు చూసుకున్నాను. టైర్లు చూశాను. కారు ముందు పెద్ద ఫ్యాను పెట్టించాను. ఇంజను వేడెక్కకుండా బానెట్ తెరిచి కడ్డీ నిలబెట్టాను. కర్మాగారంలో మొదటి రోజు నేర్పిన నియమం అది. తరవాత వరుసగా మూడుసార్లు పరుగెత్తించాను.

గీత పొద్దున్నటి గీత కిందికి జారింది. మూడోసారి మరీ కిందికి.

యజమాని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. కుర్రాడి మొహం చిన్నబోయింది. నేను ఆ అల్యూమినియం పెట్టె మీద చేయి ఆనించి వంగి చూడబోయి వెంటనే లాక్కున్నాను. వేలి కొన బొబ్బెక్కింది. దాన్ని పట్టించుకోలేదు. మనసులో నేను పండగ చేసుకుంటున్నాను. ఆ సంగతి దాచడం వల్ల ఇప్పుడు ఉపయోగం లేదు.

సంతకం పెడుతుంటే మేస్త్రి నా వెనక నిలబడ్డాడు.

"ఇది యంత్రం చెప్పిందా, నువ్వు చెప్పినావా అప్పా?"

"రెండూ ఒకటే," అన్నాను.

"సరే కానీ. దొర చెయ్యి పడినాక ఇంకేముండాది."

నెలాఖరు వరకు ఉండమన్నాడు యజమాని ఆయన్ని. రెండు కాగితాలూ గోడకు అంటించాడు, వచ్చిన కుర్రాళ్ళందరూ చూసేట్టు. మేస్త్రి ఆ మూల తన బల్ల మీద చిన్న చిన్న రిపేర్లు చేసుకుంటూ ఉండిపోయాడు. నాతో మాట్లాడడం మానలేదు. అదే నాకు ఇబ్బందిగా ఉండేది. "దొరా, టీ వొచ్చినాది తాగు," అనేవాడు, ఏమీ జరగనట్టు.

వారం పది రోజులకు కర్నూలు కుర్రాడు మళ్ళీ వచ్చాడు.

"సార్, మీ రిపోర్ట్ రాంగ్ అనను కానీ, నా కారు మాత్రం ఇదివరకన్నా బాగా లాగుతోంది సార్. సీరియస్లీ."

"శబ్దం వల్ల అలా అనిపిస్తుంది. చెవులు మోసం చేస్తాయి," అన్నాను. ఈ వాక్యం అప్పటికి ఎంతమందికి చెప్పానో.

"చెవులు మూసుకుని రండి సార్ అయితే. ఒక్క రౌండ్."

అతని మొహంలో హేళన లేదు, అయోమయం ఉంది. నాకు కూడా ఆ అయోమయం అంటుకుంది. యంత్రం అబద్ధం చెప్పదు. మనిషి చెప్పవచ్చు, కాని ఈ కుర్రాడు నాకు అబద్ధం చెప్పి సాధించేదేమీ లేదు. కారెక్కాను. హొసకోటె రోడ్డు మీద ఖాళీ చోట, మూడో గేరులో, తక్కువ వేగం నుంచి అదమమన్నాను. నిజంగానే చెవుల్లో దూది పెట్టుకున్నాను. కళ్ళు ఇంజను వేగం చూపే ముల్లు మీద పెట్టాను. టర్బో అందుకున్నప్పుడు వీపు సీటుకు తగులుతుంది, ఆ తగలడం తెలుస్తుంది. పాత సైలెన్సర్‌తో వచ్చిన గీతలో అది ఎక్కడ మొదలైందో నాకు కంఠస్థం. ఇప్పుడు అంతకన్నా ముందే తగిలింది. నాలుగుసార్లు చేయించాను. నాలుగుసార్లూ ముందే.

షెడ్డుకు వచ్చి బానెట్ ఎత్తించాను. ఏమి చూడాలో తెలియక ఊరికే చూశాను. అలవాటుగా ఆ అల్యూమినియం పెట్టె మీద చేయి వేసి, భయపడి తీశాను. మళ్ళీ వేశాను. గోరువెచ్చగా ఉంది. అంత దూరం అదిమి నడిపించాక గోరువెచ్చగా.

నా వేలి మీద బొబ్బ మచ్చ ఇంకా ఉంది.

మీలో తెలివైనవాళ్ళకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ పెట్టెలోకి గాలి బానెట్ మీది నోటి గుండానే దిగాలి. బానెట్ ఎత్తితే ఆ నోరు కూడా దానితోపాటు గాలిలోకి లేచిపోతుంది. ఎదురుగా ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా గాలి పెట్టె మీది నుంచి జారిపోతుంది కాని లోపలికి దిగదు. పెట్టె కాలుతుంది. ఇంజనుకు వేడిగాలి అందుతుంది. లోపలి కంప్యూటరు ప్రమాదం పసిగట్టి బలం తగ్గించేస్తుంది. మేస్త్రి గొట్టాన్ని నేను గొంతు నొక్కి పరుగెత్తించి, పరుగెత్తలేదని రాశాను. మామూలు ఇంజన్లకు నూటికి నూరుపాళ్ళు మంచిదైన నియమం ఈ ఒక్క బండికి విషం. ఆ నియమం తెలిసినవాణ్ణి కాబట్టే చేయగలిగిన తప్పు ఇది. తెలియనివాడైతే బానెట్ మూసే ఉంచేవాడు.

యజమాని దగ్గరికి వెళ్ళాను.

"ఆరోజు పొద్దున మీరు నడిపినప్పుడు బానెట్ తెరిచారా, మూశారా?"

"మూసే ఉంది. ఆ అబ్బాయి కారుకి ఫోటోలు తీసుకుంటున్నాడు. ఏం?"

చెప్పాను. అతను గోడమీది కాగితాలవైపు చూశాడు.

"చూడండి, కాగితం గోడమీద ఉంది. ఊరంతా చూసింది. ఇప్పుడు అది తప్పంటే మన యంత్రాన్ని ఎవరు నమ్ముతారు? కొత్త గొట్టాలు కూడా రాబోతున్నాయి."

"మళ్ళీ కొలుద్దాం. రెండూ ఒకే పూట, ఒకే పద్ధతిలో."

"కొలవండి. కాని వేరేగా వస్తే తప్పు ఎవరిదో మీరే రాయాలి. ఆ కాగితం మీదే, మీ సంతకం కింద. యంత్రం మీదికి మాత్రం రాకూడదు. అలాగైతే మేస్త్రి ఉంటాడు."

ఆ రాత్రి... కాదు, రాత్రిదాకా ఎందుకు, ఆ సాయంత్రం బస్సులోనే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోని మనిషి. ఆయన చేయనన్నదే నేను ఇప్పుడు చేయబోతున్నానా? కాడుగోడి నుంచి ఇంటిదాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. మా నాన్న పెట్టిన సంతకం నిజం. దాన్ని అబద్ధమనమని వకీలు అడిగాడు. నేను పెట్టినవి రెండు. ఒకటి చూడకుండా పెట్టాను, ఇంకోటి సరిగా చూడక పెట్టాను. వాటిని కాపాడుకోవడం మా నాన్న చేసిన పని కాదు, వకీలు చెప్పిన పని. దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను.

మర్నాడు మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు నేనుగా ఆ మూలకు వెళ్ళింది లేదు.

"మేస్త్రీ, ఆ గొట్టం విప్పి పాతది వేయాలి. కొలిచాక మళ్ళీ ఇది వేయాలి."

"ఏంటికి? కత్తిరించి పాతసామాన్లకు ఏసేస్తారా?"

"నేను తప్పు కొలిచాను."

ఆయన చేతిలో ఆకురాయి ఆగింది. నా మొహంలోకి చూశాడు. ఏదో ఎత్తిపొడుపు వస్తుందనుకున్నాను.

"ఆదివారం చేస్తాం," అన్నాడు. "ఆ పొద్దు జనం ఉంటారు. సూసేవాళ్ళు సూడనీ."

ఆదివారం పొద్దున కుర్రాళ్ళు ఇరవైమందిదాకా చేరారు. పాత సైలెన్సర్‌తో మొదలుపెట్టాం. బానెట్ మూసి, ఫ్యానును బల్ల మీదికెక్కించి నోటికి ఎదురుగా. ఒక్కో పరుగు తరవాత ఆ పెట్టె చల్లబడేదాకా ఆగాం. ఎంతసేపు ఆగాలో నా వేలితో కొలిచాను. తరవాత మేస్త్రి గంటన్నరలో గొట్టం మార్చాడు. మళ్ళీ అవే పరుగులు, అవే విరామాలు.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే దీని మీద ఇప్పటికీ గొప్పలు నడుస్తున్నాయి. పవర్ గీత కొన పెద్దగా పైకి పోలేదు, కొద్దిగా లేచింది. కారులోని కంప్యూటరు టర్బో ఎంత తోయాలో ఒక హద్దు పెట్టుకుని ఉంటుంది. దాన్ని మార్చకుండా గొట్టం ఒక్కటే మారిస్తే ఆ హద్దు దాటదు. మారింది ఎక్కడంటే, టార్క్ గీత మొదట్లో. చక్రం వెనక దారి తెరుచుకోవడంతో అది త్వరగా తిరగడం అందుకుంది. బలం ముందుగా వచ్చింది. కొండంత బలమేమీ కాదు, కాని రోడ్డు మీద వీపుకు తెలిసేది అదే. దూది పెట్టుకున్న నా వీపుకు కూడా.

మరి కర్మాగారంలో నేర్చుకున్నది అబద్ధమా? తరవాత చాలా రోజులు ఇదే తవ్వాను. మామూలు ఇంజనులో కూడా కావలసింది ఒత్తిడి కాదు, పొగ వేగం. ఒక విడత పొగ వేగంగా పోతూ తన వెనక విడతను లాగుతుంది. గొట్టం మరీ వెడల్పైతే ఆ వేగం చచ్చిపోతుంది. మేము దాన్నే ఒత్తిడి అనుకున్నాం. టర్బో బండిలో చక్రం ఆ విడతలను ముందే చిదిమేస్తుంది. దాని అవతల కాపాడుకోవడానికి ఏమీ మిగలదు, దారి ఇస్తే చాలు. పాలడబ్బా రేకు చెప్పింది ఇంతే.

కంప్యూటరు తెర మీద గీతలు చూసి కుర్రాళ్ళు గోల చేశారు. యజమాని గోడమీద నుంచి ఆనాటి మధ్యాహ్నపు కాగితం తీసి నా ముందు పెట్టాడు. పెన్ను కూడా తనే ఇచ్చాడు. నా సంతకం కింద తెలుగులో రాశాను. పొద్దున్నటి పరీక్ష నేను చూడలేదని, మధ్యాహ్నం బానెట్ తెరవడం వల్ల కొలత తప్పిందని, ఆ తప్పు గొట్టానిది కాదు, యంత్రానిది కాదు, నాది అని. కింద మళ్ళీ సంతకం పెట్టాను. ఆ సంతకానికి పైన ఒక చిన్న గడి గీసి, బానెట్ తెరిచి ఉందని రాశాను. ఆ గడే తరవాత అన్ని కాగితాల్లోకీ ఎక్కింది.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన చదివింది కన్నడం, అదీ నాలుగో తరగతి. తెలుగు మాట్లాడడమే.

"ఏం రాసినావు? సదువు."

కుర్రాళ్ళు దగ్గరికి జరిగారు. చదివాను. మెల్లగా, కాగితం మీంచి తల ఎత్తకుండా. పూర్తయ్యాక కాగితం దించాను.

మేస్త్రి చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్లు సుత్తి దెబ్బలు ఇన్న చెవులప్పా ఇవి. సరిగ్గా ఇనపళ్ళే. ఇంకోతూరి సదువు, దొరా."

ఆయనకు శుభ్రంగా వినబడిందని నాకు తెలుసు. రోలర్ల చప్పుడులో కూడా టీ గ్లాసు మోత వినే మనిషి. కుర్రాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. నేను కాగితం ఎత్తి, వీపు నిటారుగా పెట్టి, మొదటి అక్షరం నుంచి మళ్ళీ చదివాను. ఈసారి గట్టిగా.